ఆకు తెల్లబడితే పంట పోయినట్టేనా?

మలేసియాలో కెడా రాష్ట్రం అంటే వరి పొలాలే. ఆలోర్ సెతార్ చుట్టుపక్కల ముడా ప్రాజెక్టు కింద సుమారు 96 వేల హెక్టార్ల మాగాణి ఉంది. ఏడాదికి రెండు పంటలు. మన గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా ఎలాగో ఇక్కడా అలాగే. ఆ పొలాల పక్కనే మా సైటు. సివిల్ డిప్లొమా చేసి వచ్చి ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను.

నిరుడు ఒక రాత్రి శ్లాబు వేస్తున్నాం. కాంక్రీటు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు కదా, ఫ్లడ్ లైట్లు పెట్టి తెల్లవార్లూ పని. ఆ వెలుతురుకి సెంట్రింగ్ రేకుల మీద చిన్న చిన్న రెక్కల పురుగులు వచ్చి వాలుతున్నాయి. పసుపు కలిసిన గోధుమ రంగు, రెక్కల మీద పెన్సిల్‌తో గీసినట్టు వంకర గీతలు, అంచున ముదురు పట్టీ. చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు చేలో అడుగు పెడితే దుబ్బుల్లోంచి లేచి, రెండు గజాలు ఎగిరి మళ్లీ వాలేది ఇదే. మన ఆకుముడత పురుగు. మా నాన్న ఆకుచుట్టు అంటారు. పక్కనున్న మలయ్ డ్రైవర్‌ని అడిగితే "ఉలాట్ గులుంగ్ దావున్" అన్నాడు. అంటే ఆకు చుట్టే పురుగు. రెండు దేశాల్లోనూ ఒకటే పేరు!

తెల్లారి ఇంటికి ఫోన్ చేశాను.

"ఊడ్చి ఇరవై అయిదు రోజులయిందిరా. చేనంతా తెల్ల చారలే. రెండుసార్లు మందు కొట్టాను. షాపాయన ఇంకోటి కలిపి కొట్టమంటున్నాడు. ఓ పదివేలు పంపుతావా?" అన్నారు నాన్న.

వెనకనుంచి అమ్మ గొంతు: "మొన్న మందు కొట్టొచ్చి కళ్లు తిరిగి గట్టు మీదే కూలబడ్డారు. ఆ సంగతి చెప్పరేం?"

ప్రతిసారీ అడిగినంత పంపేవాణ్ణి. ఈసారి మాత్రం "రెండ్రోజులు ఆగండి నాన్నా" అన్నాను. మా ఊరివాడే, నాతో చదువుకున్న స్నేహితుడు వ్యవసాయ శాఖలో ఉన్నాడు. అతన్ని అడిగి, దొరికినవి చదివి తెలుసుకున్న సంగతులు ఇవి.

ఒక్కటి కాదు, ఓ కుటుంబం

దీని శాస్త్రీయ నామం నఫాలోక్రోసిస్ మెడినాలిస్. 1854లో గెనే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. రెక్కలు చాపితే రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆసియా వరి దేశాలన్నిటా ఉంది. జపాన్ ప్రధాన దీవుల్లో చలికాలం బతకలేదు. అయినా ఏటా వానాకాలం గాలుల్లో సముద్రం దాటి అక్కడికి వెళ్లి పిల్లల్ని పెడుతుంది. వలస బతుకు మనకొక్కరికే కాదన్నమాట.

దీనికి దగ్గరి చుట్టాలున్నాయి. పట్నాలిస్, ఎక్సిగువా, రురాలిస్ వరిలోనే ఆకు చుడతాయి. ట్రపెజాలిస్ అనేది మొక్కజొన్న, జొన్న మీద పడుతుంది. పట్నాలిస్‌కి 1981 దాకా వేరే పేరే లేదు. అంతగా పోలికలు కలుస్తాయి. రెక్కల గీతల్లో కొద్ది తేడా ఉంటుంది. ఖాయంగా తేల్చాలంటే మైక్రోస్కోపు కింద పెట్టి లోపలి భాగాలు చూడాల్సిందే. రైతుకి అంత అవసరం లేదు. అన్నీ చేసే పని ఒకటే.

ఆకుకి కుట్టు వేసే పని

తల్లి పురుగు ఆకు మీద ఒక్కొక్కటిగానో చిన్న వరుసగానో గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు వస్తుంది. అది నోటినుంచి పట్టుదారం తీసి, ఆకు రెండంచుల్నీ దగ్గరకు లాగి కుట్టేస్తుంది. ఆ గొట్టంలో కూచుని పచ్చదనాన్ని గోకి తింటుంది. మిగిలేది కాగితంలాంటి తెల్ల పొర. అదే మనకు కనిపించే చార. ఒక ఆకు అయ్యాక ఇంకో ఆకు. మూడు వారాలు అటూ ఇటూగా ఇలా తిని, ఆ మడతలోనో దుబ్బులోనో కోశం కట్టి, వారం తర్వాత రెక్కలతో బయటికి వస్తుంది.

ఇక అసలు సంగతి. దూరంనుంచి చూస్తే చేను తగలబడినట్టు ఉంటుంది. కానీ పిలకలు వేసే వయసులో వరికి కావలసినదానికంటే ఎక్కువ ఆకే ఉంటుంది. కొన్ని ఆకులు పోయినా కొత్తవి వేసుకుని సర్దుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ మాటే చెప్పారు. దాన్ని పట్టుకుని వియత్నాంలోని లాంగ్ ఆన్ రాష్ట్రంలో 1994లో రేడియో నాటికలతో, పోస్టర్లతో ప్రచారం చేశారు. విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టొద్దు, ఒక మూల వదిలేసి మీరే చూసుకోండి అన్నారు. రైతులు చూసుకున్నారు. రెండు మూడేళ్లలో వాళ్ల మందుల వాడకం సగానికి సగం పడిపోయింది.

తొందరపడి కొడితే ఖర్చొక్కటే కాదు. సాలీళ్లు, తూనీగలు, గుడ్లను తినే కీచురాళ్లు, గుడ్లలోనే గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా కందిరీగలు కూడా చస్తాయి. కాపలావాళ్లు పోయాక సుడిదోమ వచ్చి పడుతుంది. అప్పుడు నిజంగానే పంట పోతుంది.

ఎప్పుడు భయపడాలి?

అలాగని ఎప్పుడూ పట్టించుకోవద్దని కాదు. చిరుపొట్ట దశనుంచి లెక్క మారిపోతుంది. వెన్ను కింద చివరగా వచ్చే పోటాకే గింజకు పాలు పోసేది. పోటాకులు తెల్లబడితే తాలు పెరుగుతుంది. అప్పుడు చేలో దిగి దుబ్బులు లెక్కపెట్టి, మడతలు విప్పి లోపల పురుగు ఉందో లేదో చూడాలి. ఉంటే అధికారి చెప్పిన మందు చెప్పిన మోతాదులో కొట్టాల్సిందే. మడత ఖాళీగా ఉంటే పురుగు వెళ్లిపోయినట్టు. అప్పుడు మందు గాలికి పోసినట్టే.

ఇంకోటి, యూరియా. ఎక్కువ వేస్తే ఆకు మెత్తగా నల్లపచ్చగా పెరిగి ఈ పురుగుని పిలుస్తుంది. చెట్ల నీడలో, మరీ ఒత్తుగా ఊడ్చినచోట కూడా ఎక్కువే.

నాన్నకి ఇదంతా ఫోన్లో చెబితే "సిమెంటు పని చేసేవాడివి, నాకు వ్యవసాయం చెబుతావా?" అన్నారు. నిజమే మరి. చివరికి ఒప్పందానికి వచ్చాం. మూడెకరాల్లో రెండు కౌలువి, అవి ఆయనిష్టం. సొంత ఎకరం మాత్రం వదిలేయాలి. తాడు పట్టుకుని ఇద్దరు అటూ ఇటూ లాగితే మడతల్లోని పురుగులు నీళ్లలో పడతాయని మా తాతయ్య చేసేవారట. అదొక్కటీ చేశారు. పోటాకు వచ్చేదాకా అమ్మ రోజూ వాట్సాప్‌లో ఫోటో పంపింది. రెండు వారాలకి కొత్త ఆకు పచ్చగా లేచింది. కోతల్లో ఆ ఎకరానికీ మిగతా రెంటికీ బస్తాల్లో తేడా రాలేదు.

ఒక ఎకరం, ఒక పంట. దీన్ని నేను పరిశోధన అనను. కానీ ఈ దాళ్వాలో నాన్న మందు డబ్బులు అడగలేదు. కళ్లు తిరిగి పడిపోనూ లేదు.

ఇక్కడ మనం ఎండలో వానలో సంపాదించి పంపే డబ్బులో ఎంత భాగం ఇలా స్ప్రేయర్‌లోకి పోతోందో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి. ఇంటినుంచి "చేను తెల్లబడింది" అని ఫోన్ వస్తే డబ్బు పంపేముందు మూడు మాటలు అడగండి. ఊడ్చి ఎన్ని రోజులైంది? మడత విప్పితే పురుగు ఉందా? పోటాకు వచ్చిందా? ఆ తర్వాత నాలుగో మాట కూడా అడగండి: మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకున్నారా, నాన్నా?