సంస్కృత సంభాషణకు స్వయంసాధన

శబ్దమంజరిని ఆమూలాగ్రం అప్పగించగల విద్యార్థిని పంచమీవిభక్తి ఏకవచనం ఒక్కటే అడిగితే, ప్రథమ నుండి వల్లె వేసుకొని గాని చెప్పలేకపోవడం అధ్యాపకులందరికీ తెలిసినదే. వల్లెలోని క్రమం సంభాషణలో ఉండదు. వల్లె వ్యర్థమని దీని భావం కాదు.

తిరుపతిలో 1961లో స్థాపితమై, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన విద్యాపీఠంలో చదివిన చమూ కృష్ణశాస్త్రి ప్రభృతులు 1981లో బెంగుళూరులో ఆరంభించిన సంభాషణోద్యమం ఈ చిక్కును ఉపాయంతో తప్పించింది. 'త్వమ్' అనుటకు మారుగా 'భవాన్', 'భవతీ' అంటే ప్రథమపురుష క్రియయే చాలును. భూతకాలానికి లఙ్‌లకారం బదులు 'గతవాన్', 'గతవతీ' వంటి క్తవతుప్రత్యయాంతాలు సరిపోతాయి. పదిదినాల శిబిరంలో నోరు తిరగడానికి ఇది మేలైన మార్గమే. అక్కడే నిలిచిపోయిన వారికి మాత్రం మధ్యమపురుష దూరమై కావ్యపఠనం క్లేశమవుతుంది.

తెలుగువారికి తత్సమాల వల్ల మరొక ప్రమాదం ఉన్నది. జాగు చేసి వచ్చిన విద్యార్థి 'మమ ఆలస్యమ్ అభవత్' అంటే తన సోమరితనాన్ని ఒప్పుకొన్నట్లే. అతడు చెప్పదలచినది 'విలంబః'. 'అవసరః' అంటే సంస్కృతంలో తగిన సమయం, అక్కర కాదు. ఇటువంటివి పాఠం వింటున్నంతసేపు బయటపడవు. వసతిగృహ భోజనశాలలోనో, అలిపిరి మెట్లెక్కుతూనో తోటివానితో మాట్లాడబోతే బయటపడతాయి. తోడు లేనివాడు కంటబడిన దానిని తనకు తానే చెప్పుకోవచ్చు. పదం తట్టనిచోట తెలుగు మాటనే ఉంచి సాగిపోయి, సాయంకాలం తెలుగు టీకగల అమరకోశం చూసుకోవాలి. ద్వివచనం తెలుగులో లేదు గనుక దానిని పట్టుబట్టి వాడాలి: 'ద్వే సోపానే', 'ద్వౌ యాత్రికౌ'. 'కుతః' అనే ప్రశ్నను నిత్యం వేసుకొని 'గృహాత్', 'సోపానాత్', 'పాఠశాలాయాః' అని బదులు చెప్పుకొంటే పంచమి, ప్రథమ తోడు లేకుండానే నోటికి వస్తుంది.