ఖాకీ విప్పిన మర్నాడు

ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారనుకుందాం. ఇద్దరి పుట్టినతేదీ 1963 జూలై 1. ఇద్దరూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉద్యోగంలో చేరారు. రాష్ట్రం విడిపోయాక ఒకరు ఖమ్మం జిల్లా మధిరలో, మరొకరు ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలో మిగిలారు. మధిర కానిస్టేబుల్ 2024 జూన్ 30న పదవీ విరమణ చేశాడు. గంపలగూడెం కానిస్టేబుల్ 2025 జూన్ 30 దాకా డ్యూటీ చేయాల్సి వచ్చింది. విరమణ వయసును తెలంగాణ 2021లో 61కి పెంచితే, ఆంధ్రప్రదేశ్ 2022 జనవరి 1 నుంచి 62 చేసింది. పక్కపక్క మండలాల మధ్య ఏడాది తేడా వచ్చింది అందుకే.

జూలైలో పుట్టినవాళ్లు జూన్‌లో దిగిపోవడమేమిటంటే, అదీ నియమమే. ఉద్యోగి పుట్టిన నెల ఆఖరి రోజున విరమిస్తాడు. ఒకటో తేదీన పుట్టినవాడు మాత్రం అంతకుముందు నెలాఖరుకే వెళ్లిపోవాలి. ఆ తరంలో జూన్, జూలై ఒకటో తేదీల పుట్టినరోజులు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం బడి. పిల్లవాడిని చేర్చడానికి వచ్చిన తండ్రికి తేదీ తెలియదు, పంతులుగారే వయసు అంచనా కట్టి ఏదో ఒక తేదీ వేసేవారు. సర్వీసు రిజిస్టర్‌లోకి ఎక్కాక దాన్ని మార్చుకునే దారులను 1984 నియమాలు దాదాపు మూసేశాయి. పలకా బలపం పట్టిన రోజు పడిన తేదీయే యాభై ఏళ్ల తర్వాత ఆఖరి జీతం ఏ నెలదో తేలుస్తుంది.

విరమణ వయసైనా నిలకడగా ఉన్నది కాదు. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మరుసటి నెలలోనే విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గింది. 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఇంటిముఖం పట్టారు. 58 ఏళ్ల లెక్కన కూతురి పెళ్లి, ఇంటి అప్పు, కొడుకు చదువు సర్దుకున్న కుటుంబాలవి. కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1985 జనవరిలో ఆ తగ్గింపు చెల్లుతుందని చెప్పింది. అప్పటికే ప్రభుత్వం 1984 ఆగస్టులో వయసును మళ్లీ 58 చేసింది కానీ, మధ్యలో పంపేసినవారిని పట్టించుకోలేదు. వాళ్లకు న్యాయం 1985లోనే బి. ప్రభాకరరావు కేసు తీర్పుతో వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్ 60కి మారింది, ఆపైన 62కి. ఈ చివరి పెంపుతో 2022, 2023 సంవత్సరాల్లో రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లో, పోలీసు స్టేషన్లలో వయసు నిండి విరమించినవారే లేరు.

ఐపీఎస్ అధికారులది వేరే లెక్క. అఖిల భారత సర్వీసు కాబట్టి వాళ్లకు 60 ఏళ్లే. జిల్లా ఎస్పీ కంటే ఆయన కింద పనిచేసే హెడ్ కానిస్టేబుల్ రెండేళ్లు ఎక్కువ పనిచేస్తాడు. అయితే పైస్థాయిలో విరమణ తర్వాత కూడా తలుపులు తెరిచే ఉంటాయి. డీజీపీగా ఉన్న ద్వారకా తిరుమలరావు 2025 జనవరి 31న విరమించినా ఏపీఎస్ఆర్టీసీ ఎండీగా కొనసాగారు. ఉమ్మడి రాష్ట్ర డీజీపీగా 2011లో విరమించిన కె. అరవిందరావు అద్వైత వేదాంతంపై రచనలు చేస్తూ వచ్చారు. స్టేషన్‌లో సెంట్రీ కాసినవాడికి ఎదురయ్యే అవకాశం చాలాసార్లు మళ్లీ కాపలా ఉద్యోగమే, ఏ అపార్ట్‌మెంట్ దగ్గరో, గోదాము దగ్గరో.

గంపలగూడెం లాంటి సరిహద్దు మండలంలో పోలీసు పని ఏమిటో ఆ ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. నెమలి వేణుగోపాలస్వామి కల్యాణానికి బందోబస్తు, కట్టలేరు పొంగితే కాజ్‌వే దగ్గర కాపలా, ఎన్నికలొస్తే చెక్‌పోస్టు, కరోనా కాలంలో సరిహద్దు దాటి వచ్చేవాళ్ల తనిఖీ. వీటికి వేళాపాళా ఉండదు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారు. ప్రతి ఇద్దరిలో ఒకరికి వారపు సెలవే లేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది కూడా ఆ ఏడాది జూన్‌లోనే. అంటే ఇప్పుడు విరమిస్తున్న కానిస్టేబుల్ తన సర్వీసులో ముప్పావు వంతుకు పైగా ఆ సెలవు మాట వినకుండానే గడిపాడు.

ఈ పనివేళలు తెచ్చే నిద్రలేమి యూనిఫాంతో పాటు స్టేషన్‌లో అప్పజెప్పి వచ్చేది కాదు. అమెరికాలో జాన్ వయలాంటి అనే ఆయన 23 ఏళ్లు న్యూయార్క్ రాష్ట్ర పోలీసుగా పనిచేసి, తర్వాత బఫెలో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడయ్యాడు. ఆయన బృందం బఫెలో నగర పోలీసులను పరీక్షిస్తే, రాత్రి డ్యూటీలు ఎక్కువగా చేసినవారిలో పొట్ట పెరగడం, రక్తపోటు, చక్కెర వంటివి కలిసి కనిపించే మెటబాలిక్ సిండ్రోమ్ ఎక్కువగా బయటపడింది. మన స్టేషన్లలో రాత్రి బీటు తిరిగినవారికీ ఇది పట్టించుకోవాల్సిన విషయమే. విరమణ రోజు శాలువాతో పాటు పూర్తి ఆరోగ్య పరీక్ష కూడా శాఖ బాధ్యతగా చేయిస్తే ఎంత బాగుండును!

డబ్బు సంగతికొస్తే, పాత పింఛను కింద ఉన్నవారికి 33 ఏళ్ల అర్హ సర్వీసు ఉంటే చివరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. అందులో 40 శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకోవచ్చు. మూలవేతనం 70 వేలైతే పింఛను 35 వేలు. ఆ 40 శాతమూ కమ్యూట్ చేస్తే నెలకు 14 వేలు తగ్గి 21 వేలు మిగులుతుంది. కరువు భృతిని మాత్రం మొత్తం 35 వేల మీదే లెక్కిస్తారు. తగ్గిన భాగం పదిహేనేళ్లకు తిరిగి కలుస్తుంది. ఇవికాక 300 రోజుల వరకు సంపాదిత సెలవుకు నగదు, 2022 వేతన సవరణ ప్రకారం 16 లక్షలు మించకుండా గ్రాట్యుటీ.

అయితే చార్జిమెమో ఒక్కటి తేలకుండా ఉన్నా పరిస్థితి మారిపోతుంది. విచారణ ముగిసేదాకా ప్రావిజనల్ పింఛనుతో సరిపెట్టుకోవాలి, గ్రాట్యుటీ ఆగిపోతుంది. నాలుగేళ్లకు ముందు జరిగిన దాని మీద విరమణ తర్వాత కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టకూడదని 1980 పింఛను నియమాలు చెబుతున్నాయి. ఈ సంగతి తెలియక భయపడుతూ కూర్చునేవాళ్లు ఉంటారు.

ఇక కోర్టు. దర్యాప్తు చేసిన ఎస్ఐ, పంచనామా రాసిన హెడ్ కానిస్టేబుల్ విరమించి ఏళ్లు గడిచినా, కేసు విచారణకు వచ్చిందంటే సమన్లు ఇంటికే వస్తాయి. ఎప్పుడో రాసిన కేస్ డైరీ (సీడీ) ఫైలులోని అక్షరాలకు బోనులో నిలబడి జవాబు చెప్పాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 336వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. నివేదిక రాసిన అధికారి బదిలీ అయినా, విరమించినా, మరణించినా ఆ పదవిలో ఇప్పుడున్నవారు దాని మీద సాక్ష్యం చెప్పవచ్చు. వీడియో ద్వారానూ చెప్పవచ్చు. వృద్ధులైన మాజీ పోలీసులకు ఇది మేలే. కానీ ఆ రాత్రి ఘటనాస్థలంలో నిలబడినవాడి జ్ఞాపకం వారసుడికి రాదు. ముద్దాయి తరఫు వకీలు పట్టుకునేదీ దాన్నే. తన కేసుల్లో ఏవి ఇంకా పెండింగ్‌లో ఉన్నాయో పట్టీ రాసి, వాటి వివరాలు తర్వాత వచ్చేవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే వ్యవధి విరమించేవారికి ఇవ్వాలి. ఆఖరి వారం కూడా బందోబస్తుకు పంపితే ఆ పని జరగదు.

కానిస్టేబుళ్లతో భుజం కలిపి అవే చెక్‌పోస్టుల్లో నిలబడే హోంగార్డుకు ఈ లెక్కలేవీ వర్తించవు. అతనిది రోజువారీ భత్యం, పింఛను లేదు.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారిది మరో దిగులు. వాళ్లు కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) కిందికి వస్తారు. జీతంలో పదో వంతు కోసి నిధిలో వేస్తారు, చేతికొచ్చే పింఛను ఆ నిధి పెరిగినంతే. 2023లో ఆంధ్రప్రదేశ్ గ్యారంటీడ్ పింఛను చట్టం చేసినా, ఉద్యోగ సంఘాలు పాత పింఛనే కావాలని అడిగాయి. 1983లో పుట్టి 2005లో కానిస్టేబుల్‌గా చేరిన వ్యక్తి, వయసు నియమం మళ్లీ మారకపోతే, 2045లో దిగిపోతాడు. అతనికి ఇంకా చాలా ఏళ్ల సర్వీసు ఉంది. నామినీ పేరు సరిగా ఉందో లేదో, నెలనెలా కోసిన సొమ్ము ఖాతాలో జమ అవుతోందో లేదో అతను చూసుకోవాల్సింది ఇప్పటినుంచే.