జాకీ ఎత్తుతుంది, నేల మోస్తుంది

అమెరికా రోడ్ల మీద తిరిగే మోటార్‌హోమ్ ఎక్కడ ఆగినా సమంగా నిలబడాలి. పడక వాలితే నిద్ర చెడుతుంది; అంతకన్నా పెద్ద చిక్కు ఫ్రిజ్‌తో. చాలా మోటార్‌హోమ్‌లలో ఉండేది కంప్రెసర్ లేని అబ్సార్ప్షన్ ఫ్రిజ్. స్టాక్‌హోమ్‌లో ఇద్దరు విద్యార్థులు, ప్లాటెన్, ముంటర్స్, 1922లో దాన్ని కనిపెట్టారు. అందులో అమోనియా ద్రావణం గొట్టాల్లో దానంతటదే కిందికి జారాలి. బండి బాగా ఒరిగితే అది ఒకచోట నిలిచిపోతుంది, గొట్టం అతిగా వేడెక్కి పాడవుతుంది.

బండిని సమం చేసే జాకీల మూలం పాస్కల్ సూత్రం. మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. చిన్న పిస్టన్‌ను నొక్కితే, వైశాల్యం ఎన్ని రెట్లు ఎక్కువో అన్ని రెట్ల బలంతో పెద్ద పిస్టన్ లేస్తుంది. 1795లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ పొందాడు. పిస్టన్ అంచుల్లో నీరు కారకుండా ఆపింది తోలు కప్పు. పీడనం పెరిగేకొద్దీ అదే బిగుసుకునేది. 1851లో న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జియన్ వెంట తీసుకెళ్లగలిగే హైడ్రాలిక్ జాకీకి పేటెంట్ తీసుకున్నాడు. మోటార్‌హోమ్‌లో చేతి పిడికి బదులు విద్యుత్ పంపు వచ్చింది. మీట నొక్కితే నాలుగు జాకీ కాళ్లూ దిగుతాయి.

దిగాక లెక్క తిరగబడుతుంది. సిలిండర్‌లో వైశాల్యం బలాన్ని పెంచితే, పాదం కింద వైశాల్యం నేల మీది ఒత్తిడిని నిర్ణయిస్తుంది. ఒక్కో కాలిపై 2,500 కిలోల భారం, 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పాదం అనుకుందాం. చదరపు సెంటీమీటరుకు దాదాపు 5 కిలోల భారం పడుతుంది. వానకు నానిన మట్టి దానికి ఆగదు. కాలు దిగబడుతుంది, బండి పైకి లేవదు. ఎండకు మెత్తబడిన తారు మీదా గుంట పడుతుంది. పాదం కింద ప్రతి వైపు 60 సెంటీమీటర్లు ఉండే మందపాటి చదరపు పలక వేస్తే ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలకు దిగుతుంది. పలక వంగిపోయేంత పలచనైతే ఆ లాభం లేదు.

ఇంటి ముందు వాలు దారిలో ప్రమాదం వేరే. చాలా మోటార్‌హోమ్‌లలో పార్కింగ్ బ్రేక్ పట్టు వెనక చక్రాల మీదే. జాకీలతో వాటిని గాల్లోకి లేపితే బ్రేకు ఉన్నా లేనట్టే. బండి జాకీల మీంచి జారిపోవచ్చు. అందుకే వెనక చక్రాలు నేలను వదలకూడదు, వాటికి అడ్డుదిమ్మెలు పెట్టాలి. వాలు మరీ ఎక్కువైతే వేరే చోటు చూసుకోవడమే మేలు. ఎంత మంచి జాకీ అయినా, అది నిలబడ్డ నేలకన్నా గట్టిది కాలేదు.