శ్రీలంక అమ్మాయిలు మన ఊరొచ్చిన వేళ

2025 డిసెంబరులో ఒక సాయంత్రం మా పక్కింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి, "ఏవమ్మా, శ్రీలంక ఆడపిల్లలు క్రికెట్టు ఆడ్డానికి మన విశాఖపట్నం వచ్చారటగా, అంత దూరం నుంచి ఎందుకొచ్చినట్టు?" అని అడిగారు. ఆవిడ హాస్యానికే అడిగినా ప్రశ్న మాత్రం మంచిది. పేపరులో ఆటల పేజీ వచ్చేసరికి మడిచి పక్కన పెట్టేసే వాళ్ళం గనక, ఈ టూర్ల సంగతి మనం ఎన్నడూ ఆలోచించం. ఇవాళ ఓ పది నిమిషాలు ఆలోచిద్దాం.

టూరంటే పేరంటం లాంటిదే అనుకోండి. ఒక దేశపు బోర్డు మరో దేశపు టీమును పిలుస్తుంది. తరువాత ఎప్పుడో మనవాళ్ళూ వాళ్ళింటికి వెళ్ళి రావాలి. నిజానికి ఆ డిసెంబరులో రావలసింది బంగ్లాదేశ్ టీము. ఆ టూరు వాయిదా పడితే, వాళ్ళ బదులు శ్రీలంక వచ్చింది. మొత్తం ఐదు మ్యాచిలు. మొదటి రెండూ 21, 23 తేదీల్లో మన మధురవాడ దగ్గరి స్టేడియంలో, తక్కిన మూడూ తిరువనంతపురంలో. ఐదూ మనవాళ్ళే గెలిచారు.

ఇవి ట్వంటీ20 మ్యాచిలు. అంటే ఒక్కో టీముకూ ఇరవై ఓవర్లు, నూట ఇరవై బంతులు. మూడు, మూడున్నర గంటల్లో తేలిపోతుంది, ఫస్టు షో సినిమాకి వెళ్ళొచ్చినట్టే. ఆడవాళ్ళ బంతి మగవాళ్ళ బంతికన్నా కాస్త చిన్నది, 140 నుంచి 151 గ్రాములు. మగవాళ్ళది 156 నుంచి 163. బౌండరీ కూడా కొంచెం దగ్గరగా ఉంటుంది. అయితే వికెట్ల మధ్య దూరం మాత్రం ఇద్దరికీ అదే ఇరవై రెండు గజాలు. అక్కడ ఎవరికీ రాయితీ లేదు సుమా!

రెండో మ్యాచికి నేనూ వెళ్ళాను. వెంట మా కింది వాటాలో అమ్మాయి వచ్చింది, డిగ్రీ చదువుతోంది. టాసు గెలిస్తే ముందు బ్యాటింగే కదా మంచిది, పని ముందే అయిపోతుంది అన్నాను. ఆ పిల్ల నవ్వి, "కాదత్తయ్యా, డిసెంబరులో సముద్రం పక్కన రాత్రిపూట మంచు పడుతుంది. గడ్డి తడుస్తుంది, బంతి తడుస్తుంది. సబ్బు పట్టుకున్నట్టు వేళ్ళలోంచి జారిపోతుంది. స్పిన్ వేసేవాళ్ళకి మరీ కష్టం. అందుకే ఆ వేళకి మన చేతిలో బ్యాటుండాలి, అవతలివాళ్ళ చేతిలో బంతుండాలి" అంది. రెండు రాత్రులూ మనవాళ్ళు రెండోసారే బ్యాటింగు చేశారు. మొదటి రాత్రి జెమీమా రోడ్రిగ్స్, రెండో రాత్రి షెఫాలీ వర్మ, ఇద్దరూ చెరో 69 చేసి అవుటు కాకుండా నిలబడ్డారు. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, ఎడమచేతి స్పిన్ను, రెండో రాత్రి రెండు వికెట్లు తీసింది. స్టేడియమంతా తెలుగులో అరిచారు!

ఇంతకీ పిన్నిగారి ప్రశ్న, ఎందుకొచ్చినట్టు అని. ఎవరూ రాకపోతే ఏమవుతుందో చూడండి. మిథాలీ రాజ్ హైదరాబాదులో ఆట నేర్చుకుంది. 1999లో మొదటి అంతర్జాతీయ మ్యాచిలోనే ఐర్లండు మీద 114 చేసింది. 2022లో రిటైరయింది. ఈ ఇరవై మూడేళ్ళలో ఆవిడ ఆడిన టెస్టు మ్యాచిలు ఎన్నో తెలుసా? పన్నెండంటే పన్నెండు. 2014 నవంబరు తరువాత 2021 జూన్ దాకా మన ఆడవాళ్ళ టీముకు ఒక్క టెస్టూ లేదు, ఆరున్నరేళ్ళు! రోజూ సాధకం చేసే పాటగత్తెను ఆరేళ్ళపాటు ఎవరూ కచేరీకి పిలవకపోతే ఎలా ఉంటుంది? మ్యాచి లేకపోతే ఫీజు లేదు, పేరు లేదు, ఉద్యోగం ఇచ్చేవాడు లేడు. ఇంట్లో "ఇంక చాల్లే" అనే మాట వచ్చేస్తుంది. టూరు వస్తేనే పిల్లకు ఆడుతున్నందుకు లెక్కాజమా. ఇప్పుడు కొంత నయం. 2022లో మన బోర్డు మ్యాచి ఫీజులు ఆడామగా అందరికీ సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్‌డేకి 6 లక్షలు, ట్వంటీ20కి 3 లక్షలు.

2025 అక్టోబరులో మన స్టేడియంలోనే ప్రపంచ కప్ మ్యాచిలు జరిగాయి. మనవాళ్ళు ఇక్కడ రెండూ ఓడిపోయారు, దక్షిణాఫ్రికా చేతిలో ఒకటి, ఆస్ట్రేలియా చేతిలో ఒకటి. ఊరంతా మొహాలు వేలాడేసుకుంది. ఆ దక్షిణాఫ్రికానే నవంబరు 2న నవీ ముంబయి ఫైనల్లో ఓడించి కప్పు తెచ్చారు. అక్టోబరు 12న, ఆ ఆస్ట్రేలియా మ్యాచి రోజునే, మన స్టేడియంలో రెండు స్టాండ్లకు ఆడవాళ్ళ పేర్లు పెట్టారు. ఒకటి మిథాలీ రాజ్‌ది. రెండోది విజయవాడ అమ్మాయి, వికెట్ కీపరు రావి కల్పనది. కల్పన దేశానికి ఆడింది ఏడే వన్‌డేలు. ఏడింటికి స్టాండా అని మా వారన్నారు. ఆటో నడిపే తండ్రి ఇంట్లోంచి ఆ ఏడింటిదాకా రావడానికి ఎన్ని మెట్లో ఆయనకేం తెలుసు అనుకున్నాను గానీ, ఆ మెట్లలో ఒకటి నేనూ విరగ్గొట్టినదాన్నే.

నాతో మ్యాచికొచ్చిన ఈ కింది వాటా అమ్మాయే, తొమ్మిదో తరగతిలో ఉండగా చక్కగా బంతి వేసేది. జిల్లా సెలక్షన్లకి పంపనా అని వాళ్ళమ్మ నన్ను సలహా అడిగింది. వచ్చే ఏడు టెన్తు, ఎండలో నల్లబడుతుంది, వద్దన్నాను. నా మాట విన్నారు. మంచు సంగతి ఆ పిల్ల చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. విశాఖ అమ్మాయే, షబ్నం అనే ఫాస్టు బౌలరు, 2023లోనూ 2025లోనూ అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన టీముల్లో ఉంది. అప్పటికి ఆమెదీ చదువుకునే వయసే.

ఇప్పుడు ఆ అమ్మాయి చెల్లెలు ఏడో తరగతి. మళ్ళీ వాళ్ళమ్మ నన్నే అడిగింది. ఈసారి ఇలా చెప్పాను: ముందు మైదానానికి నువ్వే వెళ్ళి చూడు. ఆడపిల్లలు ఎందరు వస్తున్నారు, బట్టలు మార్చుకోడానికి గది, బాత్రూము ఉన్నాయా, కోచి ఎవరు, చీకటి పడితే ఇంటికి ఎలా చేరుస్తారు, అడుగు. ఆడపిల్లలకి అండర్-15 పోటీలు కూడా ఉన్నాయి, సెలక్షన్లెప్పుడో జిల్లా క్రికెట్ సంఘంలో కనుక్కో. బ్యాటూ ప్యాడ్లూ వెంటనే కొనకు, మూణ్ణెల్లు పిల్ల మానకుండా వెడితే అప్పుడు చూద్దాం. పొద్దున్నే ఆకలితో పంపకు.

కిందటి ఆదివారం నుంచి పిల్ల వెడుతోంది. అయిదున్నరకి మెట్లమీద బూట్ల చప్పుడు, వెనకాల వాళ్ళమ్మ, చేతిలో ఇడ్లీల డబ్బా.