సున్నపురాయిలో దాగిన వాయువు

పాఠశాల ప్రయోగశాలలో అందరును చేయు ప్రయోగమొకటి కలదు. పరీక్షనాళికలో సున్నపుతేట పోసి, గాజుగొట్టముతో ఊపిరి ఊదినచో, తేట పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి, సున్నపురాయి పొడిగా మారుటయే ఇందుకు కారణము. ఈ వాయువునే నేడు కార్బన్ డయాక్సైడు అని వ్యవహరించుచున్నాము.

దీనికి సరిగా ఎదురైన చర్య సిమెంటు కర్మాగారములలో ప్రతిదినము వేల టన్నుల మేరకు జరుగుచున్నది. అచ్చట సున్నపురాయిని కాల్చి సున్నమును తీయుదురు. రాతిలో బంధింపబడియున్న వాయువు పొగగొట్టము ద్వారా గాలిలో కలియును. ఆ వాయువును ఎవరును కోరలేదు. కాని అది వెలువడక సున్నము రాదు, సున్నము లేక సిమెంటు లేదు.

భూగోళము వేడెక్కుటకు ముఖ్యకారణము గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుటయే అని మనకు తెలియును. మానవుల పనులవలన వెలువడు ఈ వాయువులో సుమారు 7 శాతము సిమెంటు తయారీ నుండియే వచ్చుచున్నదని అంచనా. సిమెంటు ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానము మన దేశముది. ఏటా 40 కోట్ల టన్నులకు పైగా తయారగుచున్నది. తెలుగునాట నల్లగొండ, పల్నాడు, కడప, కర్నూలు ప్రాంతములలోను, తాండూరు పరిసరములలోను సున్నపురాయి విస్తారముగా లభించుటచే, అచ్చట అనేక కర్మాగారములు వెలసినవి. కావున ఇది ఎక్కడనో ఉన్న సమస్య కాదు. మన గుమ్మము ముందరిదే.

లెక్క చేసి చూతము

సున్నపురాయి అణుభారమును లెక్కింతము. కాల్షియము 40, కర్బనము 12, ఆమ్లజని పరమాణువులు మూడింటికి 48, మొత్తము 100. దీనిని కాల్చినచో 56 పాళ్లు పొడిసున్నము, 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఏర్పడును. అనగా, స్వచ్ఛమైన సున్నపురాయి బరువులో నూటికి 44 వంతులు గాలిలో కలిసిపోవును.

సున్నపురాయిని బంకమట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాల్చగా ఏర్పడు గట్టి ఉండలను క్లింకరు అందురు. దీనిని కొద్దిపాటి జిప్సముతో కలిపి నూరినచో సాధారణ సిమెంటు సిద్ధమగును. క్లింకరులో సున్నము పాలు సుమారు 65 శాతము. ఒక టన్ను క్లింకరులో 650 కిలోల సున్నమున్నదనుకొన్నచో, దానితోపాటు రాతినుండి వచ్చిన వాయువు 650ను 44చే గుణించి 56చే భాగించగా వచ్చును. అది సుమారు 510 కిలోలు. బట్టీని వేడిచేయుటకు కాల్చు బొగ్గు మొదలగు ఇంధనములనుండి వచ్చునది మరి 300 కిలోల వరకు ఉండును.

ఈ రెండు అంకెల భేదమును విద్యార్థులు బాగుగా గుర్తింపవలెను. విద్యుత్తు తయారీలో బొగ్గు మాని సూర్యరశ్మిని వాడినచో, బొగ్గునుండి వచ్చు వాయువు పూర్తిగా తప్పును. సిమెంటు బట్టీకి ఎంత శుద్ధమైన ఇంధనము వాడినను తగ్గునది ఆ 300 మాత్రమే. 510 అట్లే నిలిచియుండును. అది ఇంధనములోని దోషము కాదు, రాతి స్వభావము.

మార్గములు మూడు

మొదటి మార్గము, తక్కువ ఇంధనముతో పనిచేయు బట్టీలను నిర్మించుట. రెండవది, సిమెంటులో క్లింకరు పాలును తగ్గించుట. థర్మల్ విద్యుత్ కేంద్రముల బూడిదను 35 శాతము వరకు, ఇనుప కొలుముల చిట్టెమును 70 శాతము వరకు కలుపుటకు మన దేశపు ప్రమాణములు అనుమతించుచున్నవి. అయితే బొగ్గు వాడకము తగ్గినకొలది బూడిదయు తగ్గును. అందుచే కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి, సగము మాత్రమే క్లింకరుతో సిమెంటు చేయు పద్ధతిని శాస్త్రజ్ఞులు రూపొందించిరి. బంకమట్టిని కాల్చుటకు క్లింకరుకు కావలసినంత వేడి అవసరము లేదు. దానినుండి బొగ్గుపులుసు వాయువు వెలువడదు. ఈ సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణము ఏర్పడినది.

మూడవది, వెలువడిన వాయువును పట్టి భూగర్భమున దాచుట. నార్వే దేశములోని బ్రేవిక్ సిమెంటు కర్మాగారమున ఏటా 4 లక్షల టన్నుల వాయువును పట్టగల యంత్రశాల 2025 జూన్‌లో ప్రారంభమైనది. దానికి ఆ ప్రభుత్వము పెద్దమొత్తమున ధనసహాయము చేసినది. వ్యయము అధికమగుటచే ఈ మార్గము ఇంకను అరుదు.

ప్రభుత్వ విధానము

మార్గములు తెలిసినంత మాత్రమున కర్మాగారములు వానిని అనుసరింపవు. ఖర్చు యజమానిది, మేలు అందరిది అయినప్పుడు ప్రభుత్వము కలుగజేసికొనవలసి వచ్చును. మన దేశమున 2012లో ప్రారంభమైన పథకము, టన్ను సరకుకు ఎంత శక్తి వాడవలెనో ప్రతి కర్మాగారమునకు నిర్ణయించినది. అది మేలే చేసినది. కాని లెక్కించినది శక్తిని మాత్రమే. రాతినుండి వచ్చు వాయువు ఆ లెక్కలో చేరలేదు.

ఈ లోపమును తీర్చుటకు వీలుగా 2022లో ఇంధన పొదుపు చట్టమును సవరించిరి. 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకమును ప్రకటించిరి. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియము, కాగితము, క్లోరిను-క్షార పరిశ్రమలకు లక్ష్యములను నిర్ణయించిరి. ఇప్పుడు లెక్కించునది టన్ను సరకుకు ఎంత వాయువు వెలువడినదని. దీనిని ఉద్గార తీవ్రత అందురు. ఇంధనపు వాయువు, రాతి వాయువు రెండును ఇందు చేరును.

ఇది పనిచేయు తీరును ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో చూతము. ఒక కర్మాగారమునకు లక్ష్యము టన్నుకు 580 కిలోలు. అది 570 కిలోలతోనే సరిపెట్టి, 12 లక్షల టన్నుల సిమెంటు చేసినది. టన్నుకు 10 కిలోల చొప్పున 12,000 టన్నుల వాయువు మిగిల్చినందున, దానికి 12,000 పత్రములు లభించును. లక్ష్యమును చేరలేని మరియొక కర్మాగారము ఆ పత్రములను కొని తన లోటు పూడ్చుకొనవలెను. పూడ్చుకొననిచో, పత్రముల సగటు వెలకు రెండింతలు పరిహారముగా చెల్లింపవలెను. తగ్గించుట ఎచ్చట చౌకయో అచ్చట ఎక్కువగా తగ్గునట్లు చేయుట దీని ఉద్దేశము.

వాతావరణము చూచు లెక్క

అయినను ఇందొక చిక్కు కలదు. అదే కర్మాగారము తొలుత టన్నుకు 600 కిలోల వంతున 10 లక్షల టన్నుల సిమెంటు చేసినదనుకొనుడు. అప్పుడు వెలువడిన వాయువు 6 లక్షల టన్నులు. ఇప్పుడు 570 కిలోల వంతున 12 లక్షల టన్నులు చేయగా వెలువడినది 6 లక్షల 84 వేల టన్నులు. తీవ్రత తగ్గినది, మొత్తము పెరిగినది. వాతావరణమునకు తీవ్రతతో పనిలేదు. అది మొత్తమునే చూచును.

ఐరోపా సమాఖ్య 2005 నుండి అమలు జరుపుచున్న పద్ధతిలో హద్దు విధించునది మొత్తమునకే. మన దేశములో ఇంకను ఇండ్లు, వంతెనలు, పాఠశాలలు ఎన్నో కట్టవలసియున్నవి. వానికి అడ్డురాకూడదను తలంపున తీవ్రతను ఎన్నుకొనుట అర్థము చేసికొనదగినదే. కాని 2070 నాటికి నికర ఉద్గారములను సున్నకు తెత్తుమని మన దేశము 2021లో ప్రకటించియున్నది. ఆ మాట నిలువవలెనన్నచో, సరకు పెరుగు వేగమును మించిన వేగముతో లక్ష్యములు ఏటేట బిగియవలెను. ఈ విధానము ఫలించినదా లేదా అనుటకు గురుతు అదియే.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న లెక్కను చేయింపవచ్చును. 50 కిలోల సాధారణ సిమెంటు బస్తాలో క్లింకరు సుమారు 47 కిలోలు. అందుకు వెలువడిన రాతి వాయువు 24 కిలోలు. బూడిద 35 శాతము కలిసిన బస్తాలో క్లింకరు సుమారు 30 కిలోలు; వాయువు 15 కిలోలు. బస్తా ఏ రకముదో దానిపైననే ముద్రించియుండును. పాఠశాలలో క్రొత్తగది కట్టునప్పుడు ఎన్ని బస్తాలు, ఏ రకమువి వచ్చినవో విద్యార్థులు వ్రాసికొని లెక్కింపనిండు. సున్నపుతేటను తెల్లబరచిన వాయువు తమ గది గోడల వెనుక ఎంత కలదో వారికే తెలియును.