ఎండకు పొయ్యి తోడు

చలిదేశములలో ఇండ్లను వెచ్చగా ఉంచుటకు బాయిలరు ఉండును. అందులో వేడెక్కిన నీరు గొట్టముల ద్వారా గదిగదికి పోయి వచ్చుచుండును. చమురుతోనో వాయువుతోనో నడచు ఆ బాయిలరునకు తోడుగా కొందరు కట్టెల పొయ్యిని, కొందరు ఇంటికప్పుపై సోలార్ హీటరును అమర్చుకొందురు. ప్రొద్దుటూరులో గదిని వెచ్చచేయవలెనన్నచో వినువారు నవ్వుదురు. ఇక్కడ ఏడాదిలో అధికభాగము గదిని చల్లబరచుకొనుటయే సమస్య. కాని స్నానపు నీటి విషయమున మనకును ఆ చలిదేశస్థుల ప్రశ్నయే ఎదురగును: వేడినిచ్చు సాధనములు రెండు మూడు ఒకే ఇంటిలో ఉన్నప్పుడు దేనికి ముందు పని చెప్పవలెను?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని పాత ఇండ్లలో స్నానపుగది మూలన పొయ్యిమీద కాగు కుదిర్చియుండుట ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చును. కందికట్టె, ప్రత్తికట్టె, కంప, ఏది దొరికిన అది దాని క్రింద మండును. తరువాత గోడకు విద్యుత్ గీజరు వచ్చినది. ఆ తరువాత మిద్దెమీదికి సోలార్ హీటరు వచ్చినది. మూడును ఉన్న ఇండ్లు కూడ కలవు.

ముందుగా కొంచెము లెక్క చూతము. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల సెంటిగ్రేడు నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 3,500 కిలోకేలరీల ఉష్ణము కావలెను. విద్యుత్తులో ఇది సుమారు 4 యూనిట్లు. 2 కిలోవాట్ల గీజరు రెండు గంటలు పనిచేయవలెను. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకేలరీల ఉష్ణమిచ్చును కనుక, కాగితముపై ఒక కిలో కట్టె చాలును! కాని పొయ్యిలో మంట ప్రక్కలకు పోవును, పొగతో పైకి పోవును. నూటికి 15 పాళ్ళే నీటికి చేరినదనుకొన్నచో 6½ కిలోలకు పైగా కట్టె కావలెను. ఇక ఎండ: ఈ ప్రాంతమున చదరపు మీటరుపై రోజుకు సగటున 5 యూనిట్ల సౌరశక్తి పడుచున్నది. 100 లీటర్ల హీటరునకు ఫలకము సుమారు 2 చదరపు మీటర్లుండును. పడిన 10 యూనిట్లలో సగముకన్న కొంచెము తక్కువ నీటికి చేరినను మన పని జరుగును.

మరి తోడెందుకు? సూర్యుడు సగటు లెక్క ప్రకారము రాడు. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో ఇక్కడ ముసురు పట్టును. 2021 నవంబరులో కడప జిల్లాను వరదలు ముంచి, 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. అటువంటి దినములలో మిద్దెమీది ఫలకము వానకు తడియుటకు తప్ప పనికిరాదు.

సోలార్ హీటరు పనిచేయు విధము సులభము. నల్లరంగు పూసిన లోహపు ఫలకము, దానికి అంటుకొని సన్నని గొట్టములు, పైన గాజుమూత. స్విట్జర్లాండుకు చెందిన సొస్యూర్ 1767లోనే గాజుమూతల పెట్టెను ఎండలో పెట్టి నీరు మరుగు ఉష్ణోగ్రతను మించిన వేడి సాధించెను. ఫలకములో వేడెక్కిన నీరు వ్యాకోచించి, సాంద్రత తగ్గి, పైనున్న టాంకులోనికి ఎక్కును. టాంకు అడుగునున్న చన్నీరు ఫలకములోనికి దిగును. పంపు అక్కరలేదు. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఫలకమును, ఉష్ణము పోకుండ కప్పిన టాంకును వేరుచేసి అమ్మకమునకు తెచ్చెను. నేటి మిద్దెలపై ఉన్నది ఆ ఏర్పాటునకు సంతతియే.

ఇచ్చట ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన ప్రయోగ మొకటి కలదు. పరీక్షనాళికలో మంచుముక్కను వేసి, అది తేలకుండ తీగచుట్టతో అడుగున నిలుపుడు. నీరు పోసి, నాళికను వాలుగా పట్టి, పైభాగమును మాత్రము దీపముపై వేడిచేయుడు. పైన నీరు మరుగుచుండగా అడుగున మంచు ఇంకను నిలిచియుండును. నీరు మంచి ఉష్ణవాహకము కాదు. తేలికయైన వేడినీరు పైననే నిలిచిపోవును. టాంకులోను ఇట్లే పైన వేడి పొర, అడుగున చల్లని పొర ఉండును. మన ప్రశ్నకు జవాబు ఈ మంచుముక్కలోనే ఉన్నది.

ఒక ఇంటి సంగతి ఊహింతము. ఉదయము ఎనిమిది గంటలకు అందరి స్నానములు ముగిసినవి. వాడిన వేడినీటికి బదులు చన్నీరు టాంకులో నిండినది. టాంకులో అడుగున అమర్చిన విద్యుత్ హీటరు స్విచ్చిని ఆపుట మరచిరి. థర్మోస్టాట్ చన్నీటిని చూచినది. తన ధర్మము ప్రకారము కరెంటు ఇచ్చినది. పది గంటలకెల్ల టాంకు నిండ 60 డిగ్రీల నీరు! సూర్యుడు అప్పుడే మిద్దెమీది కెక్కుచున్నాడు. అతడు చేయుటకు పనియే లేదు. పైగా ఫలకములోనికి వేడినీరు దిగినచో, ఫలకమునకు గాలికి మధ్య ఉష్ణోగ్రతా భేదము పెరిగి, వచ్చిన వేడి వచ్చినట్లే గాలిలోనికి పోవును. చన్నీరు దిగు ఫలకమే ఎండను బాగుగ గ్రహించును. సోలార్ పెట్టినను బిల్లు తగ్గలేదని వాపోవు ఇండ్లలో తరచు దోషము ఎండది కాదు, స్విచ్చిది.

కనుక విద్యుత్ హీటరును టాంకు అడుగున గాక పైభాగమున అమర్చవలెను. అప్పుడది పై పొరను మాత్రము వేడిచేయును. అడుగుభాగము సూర్యునికి మిగులును. స్విచ్చిని స్నానమునకు కొంచెము ముందు వేసి, వెంటనే ఆపవలెను. ఇంతకన్న మేలైన పద్ధతి, టాంకులో హీటరే లేకుండ, సోలార్ టాంకునుండి వచ్చు నీటిని గీజరునకో కాగునకో పంపుట. ఎండ ఎంత చేయగలదో అంత చేసిన తరువాత, మిగిలిన కొరతనే పొయ్యి తీర్చును.

ఆ కొరత కూడ మనమనుకొన్నంత ఉండదు. 60 డిగ్రీల నీరు 3 బిందెలు, 25 డిగ్రీల నీరు 4 బిందెలు కలిపినచో 40 డిగ్రీల స్నానపు నీరు 7 బిందెలగును. మబ్బుపట్టిన నాడు టాంకు 46 డిగ్రీలకే చేరినదనుకొందము. ఆ నీరు 5 బిందెలకు చన్నీరు 2 బిందెలు చాలును. అప్పుడును 7 బిందెలే! వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఇక్కడ అక్షరాల నిజము. టాంకులో వేడినీరు కొంచెము ఎక్కువగా ఖర్చగునే గాని, పొయ్యి రాజేయ నక్కరలేదు.

కట్టెల పొయ్యిని గొట్టములతో కలుపువారు ఒక అపాయమును ఎరుగవలెను. గీజరు తనంతట ఆగును, మంట ఆగదు. కాగునకు రెండు ప్రక్కల కవాటములు మూసి క్రింద మంట పెట్టినచో, లీటరు నీరు ఆవిరియై సాధారణ పీడనమున సుమారు 1,700 లీటర్ల చోటు కోరును. ఆ ఆవిరికి దారి లేనిచో పాత్ర ప్రేలును. అందుచే పై టాంకు మట్టముకన్న ఎత్తునకు, కవాటమేదియు లేని తెరపి గొట్టము ఒకటి తప్పక ఉండవలెను. పొయ్యి ఉన్న గదికి కిటికీ ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.

ఇక ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు సున్నము. జమ్మలమడుగు వైపున నార్జీ సున్నపురాయి, పులివెందుల వైపున వేంపల్లె డోలమైటు పరచుకొనియున్నవి. వాటి సందులలోనుండి వచ్చు బోరునీరు కఠినజలము. అందులో కరగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కాల్షియం కార్బొనేటుగ గొట్టములలో పేరుకొనును. రాగితో పోల్చిన ఈ గార ఉష్ణమును వందవ వంతైనను ప్రసరింపనీయదు. సన్నని గొట్టములు క్రమముగ పూడిపోవును. దీనికి ఉపాయము, ఫలకములో తిరుగు నీటిని, స్నానపు నీటిని వేరుచేసి, నడుమ ఉష్ణవినిమాయకము నుంచుట. ఫలకములో ఒకే మృదుజలము మరల మరల తిరుగును కనుక కొత్త సున్నము రాదు.

తోడు పొయ్యి ఉన్న ఇండ్లలో ఈ రోగము బయటపడదు. గొట్టములు పూడిపోయినను గీజరు నీరు కాచుచునే యుండును. స్నానములు జరుగుచునే యుండును. సూర్యుడు పని మానివేసిన సంగతి నెలల తరబడి ఎవరికిని తెలియదు. విద్యార్థి యొకడు ఉష్ణమాపకముతో దీనిని కనిపెట్టగలడు. మంచి ఎండ కాయు దినమున, ఉదయపు స్నానములైన వెంటనే గీజరును, పొయ్యిని పూర్తిగ ఆపవలెను. సాయంకాలము నాలుగు గంటలకు మొదటి చెంబు విడిచి, తరువాతి నీటి ఉష్ణోగ్రత చూడవలెను. 55 డిగ్రీలకు పైగా ఉన్నచో అంతయు సరిగ ఉన్నట్లే. ఫలకపు పై గొట్టము చేయి పెట్టరానంతగ కాలుచుండగా టాంకు నీరు గోరువెచ్చగనే ఉన్నచో, ప్రవాహమునకు సున్నము అడ్డుపడినదేమో విప్పి చూడవలెను.