అమెరికా కళాశాల క్రీడల్లో అంచెలు

అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. 1973లో అది సభ్య కళాశాలలను మూడు డివిజన్లుగా విభజించింది. పెద్ద విశ్వవిద్యాలయాలు, భారీ స్టేడియంలు, టీవీ ఒప్పందాల సొమ్ము డివిజన్‌-1వి. ఆటగాళ్లకు పూర్తి స్కాలర్‌షిప్పులూ అక్కడ దొరుకుతాయి. అయితే అదే డివిజన్‌లోని హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ సంస్థలు ఆట కోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ డివిజన్ 1978లో మళ్లీ రెండుగా చీలింది.

డివిజన్‌-2లో ఎక్కువగా పాక్షిక సాయమే. కళాశాలల సంఖ్యలో పెద్దది డివిజన్‌-3. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు లేకపోయినా జాతీయ టైటిళ్ల కోసం పోరు గట్టిగానే సాగుతుంది కాబట్టి దాన్ని తక్కువగా చూడటం అన్యాయం.

ఎన్‌సీఏఏ వెలుపల ఎక్కువగా చిన్న కళాశాలలకు ఎన్‌ఏఐఏ, రెండేళ్ల కళాశాలలకు ఎన్‌జేసీఏఏ ఉన్నాయి. రెండేళ్ల కళాశాలలో రాణించి డివిజన్‌-1 జట్టుకు మారేవారూ ఉంటారు.